జీలుగుమెట్ట మీద యాభై రెండు రోజులు

గాజువాకలో జ్ఞానదాసు బోర్డుల షాపుకి అటవీశాఖ ఆర్డర్ వచ్చేనాటికి ఆయన కూతురు ఫెబా ఆ షాపులో కుదురుకుని మూడేళ్ళయింది. యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చేసింది. ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పింది. ఆ కాలేజీ మూతపడ్డాక తండ్రి దగ్గరికి వచ్చేసింది. జ్ఞానదాసు నలభై ఏళ్ళు కుంచెతో అక్షరాలు రాసిన మనిషి. ఇప్పుడు కంప్యూటర్ పని కూతురిది. అక్షరం బాగుందో లేదో తేల్చే పని మాత్రం ఇంకా ఆయనదే.

పద్మనాభం అవతల రిజర్వు ఫారెస్టులో జీలుగుమెట్ట అనే కొండ ఉంది. దాని మీద అడవిలో నిప్పు పుడితే కనిపెట్టడానికి కట్టిన పాత ఇనప టవర్ ఒకటి ఉంది. శాటిలైట్ నుంచి ఫోన్లకే కబురు వచ్చే రోజులు వచ్చాక దాన్ని వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ బాగుచేసి, జనం ఎక్కి చూడటానికి తెరుస్తున్నారు. కొండ కింద మెట్ల మొదట్లో 'టవర్ చరిత్ర' అని ఆరడుగుల బోర్డు పెట్టాలి. ఆఫీసు వాళ్ళు పంపిన కాగితంలో మాత్రం మూడే వాక్యాలున్నాయి. 1986లో కట్టారు. ఎత్తు అరవై అడుగులు. హుద్‌హుద్ తుపానుకి పైకప్పు ఎగిరిపోయింది.

"ఆరడుగుల బోర్డుకి మూడు లైన్లేటి," అన్నాడు జ్ఞానదాసు. "మిగతాదంతా ఖాళీగా ఉంటే మనమే సరిగ్గా సెయ్యలేదనుకుంటారు."

ఫెబా రేంజ్ ఆఫీసర్ గురునాథరావుకి ఫోన్ చేసింది. ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నేనొచ్చి ఏడాదే అయిందమ్మా. బీరువాలో పాత రిజిస్టర్లున్నాయి. పాత వాచర్ గవర్రాజు కొండ కింద మెట్టవలసలోనే ఉంటాడు. చరిత్ర చదివానంటున్నావు కదా, కనుక్కుని నువ్వే రాసెయ్. చూసి సంతకం పెడతాను."

ఆ శనివారం ఫెబా మెట్టవలస వెళ్ళింది. గవర్రాజుకి డెబ్భై మూడేళ్ళు. ఎండిన కర్రలా నిటారుగా ఉన్నాడు. ఆయన భార్య వరహాలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఫెబాకి మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, మళ్ళీ తన పనిలో పడింది.

టవర్ మాట ఎత్తగానే గవర్రాజు మొహం విప్పారింది.

"టవర్ కంటే ముందు అక్కడ రాళ్ళ దిబ్బొకటి ఉండీదమ్మా. సర్వే దొరలు జెండా పాతడానికి కట్టించినారని మా తాత సెప్పీవోడు. తర్వాత యుద్ధం రోజుల్లో, వైజాగ్ మీద బాంబులు పడ్డప్పుడు, ఆ దిబ్బ మీద తాటాకు పాక ఏసి ఇద్దరు మనుసుల్ని కూకోబెట్టినారు. ఇమానం కనబడితే కిందకి కేకెయ్యాల. ఆలకి గంజి మోసినోడు మా తాతే. ఇమానం ఒక్కటీ రాలేదు గానీ సిరుతపులి రెండుసార్లు వొచ్చినాదంట."

ఫెబా రాసుకుంటోంది.

"మరి ఈ టవర్ ఎలా కట్టారు తాతా?"

"ఎనభై ఆరులో. ఇనుం లారీలో కొండ కింద దాకానే వొచ్చినాది. పైకి దారి లేదు. ఊరోల్లం నలభై మందిమి భుజాల మీద మోసినాం. ఒక్కో కమ్మీకి ఆరుగురు. ఒకడు అడుగు తప్పితే ఆరుగురూ పోవాల. ఇరవై రోజులు పట్టినాది. అయ్యాక, సూపు బాగున్నోడు ఎవుడ్రా అని అడిగినారు. అందరూ నన్ను సూపించినారు. అలగ వాచర్నైపోనాను. ఇరవై ఆరేళ్ళు ఎక్కినాను."

వాచర్ పని సులువే, కష్టం కూడా. పొద్దున్నే నాలుగు వందల మెట్లు ఎక్కి టవర్ మీద కూర్చోవాలి. రెండు గంటలకోసారి నాలుగు వైపులా చూసి రిజిస్టర్‌లో రాయాలి. పొగ కనబడితే అక్కడ వేలాడదీసిన రైలు పట్టా ముక్కని సుత్తితో కొట్టాలి. ఆ మోత విని ఊళ్ళోవాళ్ళు మంటని కొట్టి ఆర్పే పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తుతారు.

గోడ మీద అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఒకటి ఉంది. 1997 ఏప్రిల్ 11న అడవిలో మంటల నుంచి పదమూడు మందిని కాపాడినందుకు వాచర్ గవర్రాజుకి ఇచ్చింది. ఫెబా దాని గురించి అడిగింది.

"జీడితోటలో పిక్కలేరడానికి ఎల్లిన ఆడోల్లమ్మా. తూరుపు వైపు అంటుకున్నాది. గంట ఇని ఊరు వైపు పరిగెట్టబోనారు. మంట ఆ దారిలోనే ఉన్నాది, ఆలకి కనబడదు. పైనుంచి ఎర్ర జెండా ఊపి పడమట గెడ్డ నీల్లలోకి తిప్పినారు. అందరూ బతికినారు."

మిగతా కథంతా ఉత్సాహంగా చెప్పిన మనిషి ఈ ఒక్కటీ గబగబా ముగించాడు. ఫెబాకి అది వినయం అనిపించింది.

సోమవారం రేంజ్ ఆఫీసులో ఆమె ముందు పాత రిజిస్టర్లు పెట్టారు. అట్టలు చెదలు కొట్టేసినా లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. ఏ పేజీ తిప్పినా ఒకటే మాట. 'పొగ లేదు.' తేదీ, వేళ, 'పొగ లేదు', కింద గవర్రాజు సంతకం. ఏళ్ళకి ఏళ్ళు అలాగే ఉన్నాయి. ఎక్కడో అక్కడ 'పొగ ఉంది', దిక్కు, మళ్ళీ 'పొగ లేదు'. చరిత్ర అంటే ఇంతేనా అనుకుంటూ తిప్పుతున్న ఫెబా 1997 మార్చి దగ్గర ఆగిపోయింది.

మార్చి 3 నుంచి రాత మారింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, ఒకటీ ఒకటీ విడిగా ఉన్నాయి. 'లేదు' అనే మాట 'లెదు' అని ఉంది. అంతకంటే వింత, రాసిన మనిషి ఆ రెండు మాటల దగ్గర ఆగలేదు. 'పొగ లెదు. నెమళ్ళు నాలుగు.' 'పొగ లెదు. సముద్రం మీద ఓడలు ఆరు, ఒకటి కదల్లెదు.' 'పొగ లెదు. గాలి తిరిగింది.' 'పొగ లెదు. గెడ్డలో నీరు సన్నబడింది.' ఏప్రిల్ 11న పదిన్నరకి, 'పొగ ఉంది. తూరుపు. మనుషులు ఉన్నారు.' ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి, 'అందరూ గెడ్డ దాటారు.' ఏప్రిల్ 24న మళ్ళీ పాత రాత వచ్చింది. మళ్ళీ ఉత్త 'పొగ లేదు'. మధ్యలో యాభై రెండు రోజులు. ప్రతి ఎంట్రీ కింద గవర్రాజు అనే సంతకమే.

ఆ పేజీలతోపాటు పాత రాత ఉన్న పేజీలు కూడా ఫోన్‌లో ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి తండ్రికి చూపించింది. జ్ఞానదాసు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సంతకం ఒకటే కదా నాన్నా. జబ్బుగా ఉండి అలా రాశాడేమో."

"జబ్బు సేస్తే అక్షరం వొణుకుతాది గానీ మారదమ్మా. ఇదిగో ఇతను తలకట్టు పెట్టి గీతని పైకి ఇసిరేస్తాడు. వీల్లు తలకట్టు పెట్టి ఆగిపోతారు. సంతకంలో కూడా అంతే. సూసి గీసిన సంతకం అది, పెట్టింది కాదు." ఫోన్ తిరిగి ఇస్తూ అన్నాడు. "రెండు సేతులు. అది మాత్రం నాను సెప్పగలను."

ఫెబా మళ్ళీ మెట్టవలస వెళ్ళింది. ఈసారి గవర్రాజుకి ఫోన్‌లో ఆ పేజీలు చూపించి, "తాతా, ఈ రెండు నెలలు రాసింది ఎవరు?" అని నెమ్మదిగా అడిగింది.

ఆయన ఫోన్ వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. "నానే. ఇంకెవరు రాత్తారు. కాలు దెబ్బ తగిలినాది అప్పుడు. వొంకరగా కూకుని రాసుంటాను."

గింజలు తీస్తున్న వరహాలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ఫెబా వెళ్ళొస్తానని లేస్తే వరహాలమ్మ కూడా లేచి, ఆటో ఆగే చోటు దాకా తోడు వచ్చింది.

"నువ్వు సదువుకున్న పిల్లవి, నీకు తెలిసిపోనాది," అంది సగం దారిలో. "నాను మూడో తరగతి దాకా సదివినాను. ఆ రాత నాదే. గానీ బోర్డు మీద ఆయన పేరే రాయమ్మా. ఆ కొండ ఇరవై ఆరేళ్ళు ఎక్కినోడు ఆయన. నాను ఎక్కింది రెండు నెల్లు."

"మీ పేరు ఉండాలని మీకు లేదా మామ్మా?"

వరహాలమ్మ ఆలోచించింది. "ఆయన సెప్పాల్సిన మాట నువ్వు సెప్పడమెందుకు," అని ఆటో ఆపింది.

ఆ వారమంతా ఫెబా బోర్డు మాటలు రాస్తూ కొట్టేస్తూ గడిపింది. అబద్ధం రాయడం ఆమెకి ఇష్టం లేదు. ఆ ముసలామె మాట దాటడం కూడా ఇష్టం లేదు. చివరికి సర్వే దిబ్బ, యుద్ధకాలపు పాక, నలభై మంది మోసిన ఇనుం, అన్నీ రాసి, 1997 దగ్గర 'ఆనాడు టవర్ మీద కాపలా ఉన్నవారు పదమూడు మంది ప్రాణాలు కాపాడారు' అని పేరు లేకుండా రాసింది. గురునాథరావుకి ఒకటి, గవర్రాజు చూసుకోవడానికి పోస్టులో ఒకటి పంపింది.

ఎనిమిదో రోజు పదకొండు గంటలకి గవర్రాజు షాపు ముందు నిలబడి ఉన్నాడు. పద్మనాభం నుంచి రెండు బస్సులు మారి, గాజువాక జంక్షన్ నుంచి దారి అడుగుతూ నడిచి వచ్చాడు. చేతిలో ఆ కాగితం ఉంది. జ్ఞానదాసు కుర్చీ వేసి, టీ తెప్పించి, లోపల పనున్నట్టు పక్కకి తప్పుకోబోయాడు.

"ఉండు బావా," అన్నాడు గవర్రాజు. మొదటిసారి చూసిన మనిషినే అలా పిలిచాడు. "నువ్వూ ఇను. ఒకరికి సెప్పినా ఇద్దరికి సెప్పినా ఒకటే."

టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఇక్కడ పేరు లేకుండా రాసినావమ్మా. నా పేరు ఉంటే నోరు మూసుకునీవోడ్ని. ఆవిడ పేరు ఉంటే కోపం వొచ్చీదేమో. ఏ పేరూ లేకపోయీసరికి నాలుగు రోజులై నిద్దర పట్టలేదు."

తర్వాత కథంతా చెప్పాడు. 1997 మార్చి రెండున నీళ్ళ క్యాను మోసుకుంటూ మెట్ల మీద జారిపడితే మోకాలి కింద ఎముక విరిగింది. అప్పటికి పదకొండేళ్ళుగా టెంపరరీ వాచర్ ఆయన. పర్మనెంట్ చేసే జాబితాలో ఆ ఏడాదే పేరు చేరింది. ఎండాకాలంలో రెండు నెలలు కొండ ఎక్కలేనంటే ఆ పేరు కొట్టేస్తారు. మర్నాడు పొద్దున్న లేచి చూసేసరికి వరహాలమ్మ రిజిస్టర్ సంచిలో పెట్టుకుని బయల్దేరి ఉంది.

"ఎల్లమని నాను అనలేదు. ఎల్లొద్దని కూడా అనలేదు. ముందు రోజు సాయంత్రం నా సంతకం పలక మీద పాతికసార్లు దిద్దినాది. ఊరంతటికీ తెలుసు. బీట్ గార్డుకి తెలుసు, ఆయన మంచోడు, సూడనట్టు ఊరుకున్నాడు. ఆఫీసుకే తెలీదు. తర్వాత ఆ నిప్పు వొచ్చినాది. ఆగస్టు పదిహేనుకి నన్ను స్టేజీ మీదకి పిలిసి దండేసి కాగితం ఇచ్చినారు. ఆవిడ కింద, ముందు వరసలో కూకుంది. అందరితోపాటు సప్పట్లు కొట్టినాది."

జ్ఞానదాసు తల దించుకుని వింటున్నాడు.

"అప్పుడు సెప్తే ఉద్యోగం పోద్దని భయం. నిజమే. రిటైరయ్యాక ఏటి భయం? ఏమీ లేదు. గానీ అప్పటికి ఆ మాట నోట్లో గడ్డ కట్టీసింది. ఆవిడ ఒక్కసారి అడిగుంటే ఏదో ఒకటి అనీవోడ్ని. అడగలేదు. ఇరవయ్యేడేళ్ళు ఆ కాగితం కింద కూకుని అన్నం తిన్నాను."

ఫెబా ఆయన చేతిలోని కాగితం తీసుకుంది. "తాతా, ఇప్పుడేం చేద్దామంటారు?" అని అడిగింది.

"ఆఫీసరు దగ్గరికి పోదాం. నాను సెప్తాను. నువ్వు పక్కనుండు."

ముగ్గురూ మర్నాడు రేంజ్ ఆఫీసులో కూర్చున్నారు. గురునాథరావు ఓపిగ్గా విన్నాడు. రిజిస్టర్ తెప్పించి ఆ పేజీలు తిప్పాడు. పెన్ను మూసి టేబుల్ మీద పెట్టాడు.

"మీ మీద ఇప్పుడు ఎవరూ ఏ చర్యా తీసుకోరు, ఆ భయం అక్కర్లేదు. ఇబ్బంది ఇంకోటి. ఆవిడ డిపార్ట్‌మెంట్ మనిషి కాదు. ప్రభుత్వ టవర్ మీద బయటివాళ్ళు కాపలా ఉన్నారని ప్రభుత్వ బోర్డు మీద ఎలా రాస్తాం?"

"పొగ డిపార్ట్‌మెంట్ మనిసికే కనబడతాదేటి బాబూ," అన్నాడు గవర్రాజు. గొంతు పెంచలేదు. "ఆ రోజు నాను టవర్ మీద ఉండుంటే గంట కొట్టీసి కిందకి పరిగెట్టీవోడ్ని. అదే మా రూలు. ఆవిడికి రూలు తెలీదు. పైనే ఉండిపోనాది. అందుకే ఆ ఆడోల్లకి దారి తెలిసినాది. ఆ పదమూడుమందిలో ఏడుగురు ఇంకా ఉన్నారు, కావాలంటే పిలిసి అడగండి."

గురునాథరావు మళ్ళీ రిజిస్టర్ తెరిచి ఏప్రిల్ 11 దగ్గర చూశాడు. 'మనుషులు ఉన్నారు' అన్న మాట మీద వేలు పెట్టాడు.

"రిజిస్టర్లు నేనూ చాలా చూశాను. దిక్కు రాస్తారు, దూరం రాస్తారు. ఇలా ఎవరూ రాయరు," అన్నాడు. తర్వాత ఫెబా వైపు తిరిగాడు. "సంతకాల సంగతి బోర్డు మీద వద్దు. మిగతాది జరిగింది జరిగినట్టు రాయి. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను."

ఫెబా మళ్ళీ రాసింది. ఈసారి ఒక్కరోజే పట్టింది. 'ఈ టవర్‌పై 1986 నుంచి 2012 వరకు గవర్రాజు కాపలా ఉన్నారు. 1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆయన కాలు విరిగినప్పుడు ఆయన భార్య వరహాలమ్మ యాభై రెండు రోజులు కాపలా కాశారు. ఏప్రిల్ 11న తూర్పు వాలులో మంటలు చూసి, ఎర్ర జెండాతో దారి చూపి, పదమూడు మంది జీడిపిక్కల కూలీలను కాపాడారు.' కింద ఆమె రాసిన ఎంట్రీలు నాలుగు, ఆమె రాసినట్టే. జ్ఞానదాసు ఆ నాలుగింటినీ కంప్యూటర్‌లో పెట్టనివ్వలేదు. చాలా ఏళ్ళ తర్వాత కుంచె తీసి, ఆ గుండ్రటి అక్షరాలని చూసి చూసి, ఆగే తలకట్లతో సహా చేత్తో రాశాడు. 'లెదు'కి దీర్ఘం ఇద్దామా అని ఫెబా అడిగితే వద్దన్నాడు.

ఫిబ్రవరి చివరి ఆదివారం టవర్ తెరిచారు. ఫెబా, జ్ఞానదాసు ప్రార్థన అయ్యాక చర్చి నుంచి నేరుగా వచ్చారు. ఆఫీసర్లు, టీచర్లు, మెట్టవలస జనం, వైజాగ్ నుంచి బైకుల మీద వచ్చినవాళ్ళు అంతా మెట్ల దగ్గర మూగారు. బోర్డు మీద గుడ్డ తీశారు. వరహాలమ్మకి ఎవరూ ముందుగా చెప్పలేదు, గవర్రాజు చెప్పొద్దన్నాడు. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక్కో అక్షరం మీద కళ్ళు నిలిపి చదివింది. తన పేరు దగ్గర ఆగలేదు. కింద తన రాత చూసి మాత్రం చేత్తో ముట్టుకుంది.

"ఇవి ఎవులు రాసినారు?"

"నానేనమ్మా, మీది సూసి," అన్నాడు జ్ఞానదాసు.

"నా కంటే బాగా రాసినావు," అంది.

గురునాథరావు మైకులో ఆమెని రెండు మాటలు చెప్పమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. జీడిపిక్కల ఆడవాళ్ళలో ఇద్దరు, ఇప్పుడు బాగా ముసలివాళ్ళు, వచ్చి ఆమెకి చెరో పక్కన నిలబడ్డారు. రిబ్బన్ కత్తిరించాక జనం మెట్లెక్కడం మొదలుపెట్టారు.

"ఎక్కుతావేటి?" అని అడిగాడు గవర్రాజు.

"మోకాల్లు. సగం దాకా ఎక్కుతాను."

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఎక్కారు. కాస్త వెనకగా ఫెబా ఎక్కింది. సగంలో ఒక బండ ఉంది. అక్కడ కూర్చున్నారు. కింద జీడితోటలు పూతకి వచ్చి ఉన్నాయి. పక్కనుంచి జనం ఎక్కుతూ పోతున్నారు.

తోటల వైపు చూస్తూ గవర్రాజు అడిగాడు. "ఆ రోజు, ఆలు గెడ్డ దాటీసినాక, నువ్వేటి సేసినావు?"

వరహాలమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"ఏటి సేత్తాను. పొగ టవర్ మీదకి వొచ్చీసినాది. కిందకి దిగడానికి మెట్లు కనబడలేదు. సీర కొంగుతో కమ్మీకి కట్టీసుకున్నాను, పడిపోకుండా."

"నాకు సెప్పలేదు."

"ముందు రిజిస్టర్‌లో రాసి నీ సంతకం పెట్టీసినాను. తర్వాత కట్టుకున్నాను. నాకేటైనా ఐతే, ఆ రోజు నువ్వు డూటీలో ఉన్నట్టే ఉండాల కదా."

గవర్రాజు తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకుని, దాన్ని మడత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"భయమెయ్యలేదేటి?"

"ఎయ్యదేటి. సాయంత్రం దాకా దిగలేదు. దిగొచ్చి నీకు గంజి కాసినాను."

ఫెబా రెండు మెట్లు కిందకి దిగి, వాళ్ళకి అడ్డం రాకుండా పక్కకి తిరిగి కూర్చుంది. పైనుంచి ఎవరో ఫొటో తీస్తాం పైకి రమ్మని పిలుస్తున్నారు. గవర్రాజు వినిపించుకోలేదు. భార్య వైపు జరిగి కూర్చున్నాడు.

"మొదటి రోజు నుంచి సెప్పు," అన్నాడు. "తొందర లేదు."

వరహాలమ్మ కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు ఒత్తుకుంటూ, మార్చి మూడో తారీఖు పొద్దున్న దగ్గర మొదలుపెట్టింది.